గోదారి అడుగు ఊరికి పట్టుచీరలు

“ఆ ఊళ్లో ఒక్కరికీ గుడ్డల్లేవేంటే?”

రాజమండ్రిలో అచ్చుకూటం నడిపే అప్పాజీ, ఎండుచేపల గంప దించి అరుగు కింద కూర్చున్న బుల్లెమ్మను అడిగిన మాట ఇది. 1893 వేసవి. అణా కథల పుస్తకాలు తిరునాళ్లలో బాగా పోతున్నాయి, కొత్త కథ కావాలి. వలలు బాగుచేసుకునే చోట బుల్లెమ్మ చెప్పే గోదారి అడుగు ఊరి కథ సంగతి పడవలవాళ్ల నోట విన్నాడు. రెండు రూపాయలకు మాట్లాడుకుని, ఒకటి ముందే ఇచ్చి, ఆమె చెబుతుంటే రాసుకుంటున్నాడు.

ఆ ఊళ్లో చాకలి లేడు. రాజుకైనా బంటుకైనా ఒంటిమీద నూలుపోగుండదు, ఉండాలని ఎవరికీ తోచదు కూడా. పైనుంచి ఒకడు పంచెతో దిగితే, పాపం ఏదో పుండు దాచుకుంటున్నాడని వైద్యుణ్ణి పిలుస్తారు. వలల దగ్గర ఈ ముక్కకు ముసలమ్మలు కూడా పడీపడీ నవ్వేవారు. అప్పాజీ నవ్వలేదు. పెద్దమనుషులు కొనరన్నాడు. ఆ పెద్దమనుషులే రోజూ రేవులో పదిమంది ఎదుట గోచీలతో మునుగుతారు, గోపురం మీది బొమ్మలకు చేతులెత్తుతారు. సిగ్గు వాళ్లకు అచ్చులోనే పుడుతుంది.

“పంచె పడవలో పెట్టి దిగాడండీ,” అంది బుల్లెమ్మ.

ఆమె మొగుడు లోవరాజు గురించి ఆ మాట. ఏడేళ్ల కిందట వరదలో, చిక్కుపడ్డ వల విడిపించడానికి నీళ్లలో దిగాడు. వాళ్ల జాలరుల్లో నీట దిగేవాడు పంచె మడిచి పడవ ముక్కున పెట్టి, గోచీతో దిగుతాడు. పంచె పొడిగా ఇంటికొచ్చింది. మూడోనాడు గోచీ గుడ్డ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. గుడ్డలు కట్టుకునే ఊరు ఏదైనా సరే, అందులో అతనుండడు.

కథ చివర ఒకామె ఆ పంచె పట్టుకుని గోదారిలోకి దిగుతుంది. ఇది తెరచాపా, వలా అని ఊరంతా చేతులు మార్చి చూస్తారు. ఇక్కడ దీంతో పనేముందంటాడు, ఊరి చివర వల బాగుచేసుకుంటున్న మొగుడు. ఆమె తన చీరా విప్పి, ఆ రెండింటి కొంగులూ ముడేసి నీటివాలుకు వదిలి, అతని పక్కన కూర్చుంటుంది. అంతే కథ.

అప్పాజీ పట్టు విడవకపోతే బుల్లెమ్మే దిగివచ్చింది. రాజుకూ రాణికీ ఏం కట్టుకుంటారో కట్టుకోమంది.

“ఊరి చివర వల బాగుచేసుకునే ఆయన్ని మాత్రం అలాగే ఉంచండి బాబూ. కడితే నేను పోల్చుకోలేను.”

సరేనన్నాడు.

పుస్తకం వచ్చిందని తెలిసి గంపతో పరుగున వెళ్లి, అక్షరాలు కూర్చే రాజరత్నం చేత చదివించుకుంది. రాణికి పట్టుచీర. బంట్లకు అంగరఖాలు. ఊరి చివర మనిషికి జరీపంచె. అతనికి పంచె ఉంది కనక ఆమె తెచ్చిన పంచె ఊసే లేదు. ఇద్దరూ పైకొచ్చి, అన్నవరం వెళ్లి వ్రతం చేసుకున్నారు.

“జరీపంచె ఎప్పుడు కట్టాడండీ ఆయన?” అంది బుల్లెమ్మ.

రాజరత్నం పుస్తకం మూసి, మిగతా రూపాయికి లోపల అప్పాజీ గారిని అడగమన్నాడు. ఆమె గంప తలకెత్తుకుంది. మళ్లీ ఆ వీధిలో చేపలమ్మలేదు.

వలల దగ్గర మాత్రం బతికినన్నాళ్లూ తన కథ ఎప్పటిలాగే చెప్పింది. ముడేసిన గుడ్డలు నీటిమీద తేలిపోయే చోట ఆగి గోదారివైపు చూసేది. మిగతాది చెప్పమని తొందరపెట్టకుండా అందరూ వల అల్లుకుంటూ కూర్చునేవారు.

అప్పాజీ పుస్తకం మూడుసార్లు అచ్చయింది. ఆ రెండో రూపాయి ఇంకా బాకీయే.