రెండు ముళ్లు వేసిన బూటు

2022 వేసవి. నంద్యాలలో నేను పనిచేసే ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డుకు నర్సుగా వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆళ్లగడ్డ దారిలో పాత అల్యూమినియం గిన్నెలు కరిగించి దిమ్మెలు పోసే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడినుంచి కాళ్లు కాలినవాళ్లు వస్తూనే ఉండేవాళ్లు. అందరూ రబ్బరు చెప్పులవాళ్లే. డ్రెస్సింగ్ చేస్తూ, బూట్లు వేసుకుని చావండని తిట్టేదాన్ని. చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

ఓబులేసుది చాగలమర్రి దగ్గర పల్లె. కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే పని. ఫిబ్రవరిలో పాదం మీద రూపాయి బిళ్లంత బొబ్బతో వచ్చాడు. మళ్లీ చెప్పులతో వస్తే కట్టు కట్టనన్నాను. నవ్వి, సరేనమ్మా అన్నాడు.

మే నెలలో స్ట్రెచర్ మీద తెచ్చారు. కొలిమిలో వేసిన ఓ డబ్బాలో తడి ఉందట. తడి తగిలితే కరిగిన లోహం చిమ్ముతుంది. ఓబులేసు కాలికి కొత్త బూటు, లేసుకు బిగించి రెండు ముళ్లు, ప్యాంటు అంచు బూటులోకి దోపి ఉంది. లోహం పైనుంచి లోపలికి జారి అక్కడే గడ్డకట్టింది. కత్తెరతో బూటు కోసి తీశాను. డీప్ బర్న్, అంటే చర్మం దాటి కండ దాకా కాలడం. నొప్పి లేదన్నాడు. నరాలు కాలితేనే అలా అంటారు.

"ఏమప్పా, బూటు ఇప్పేయొచ్చు గదా?" అన్నాను.

"చెప్పులైతే ఇదిలిస్తే ఊడిపోతాయి సిస్టరమ్మా. కాల్తాంటే ఆ ముడి ఇప్పేకి కాలేదు. మీరు చెప్తిరని ఏసుకుంటి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. చెప్పులవాళ్ల గాయాలన్నీ ఎందుకు చిన్నవో అప్పుడు తెలిసింది. కొలిమి పనికి లేసుల్లేని బూట్లు వేరే ఉంటాయనీ, ప్యాంటు వాటిపైకి దించాలనీ తర్వాత ఒక ఇంజనీరు చెప్పాడు.

పాదం ముందుభాగం తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఓబులేసు అడిగింది ఒకటే. "చేన్లో నీళ్లు కట్టేకి నిలబడగల్నా అమ్మా?" నిలబడతావన్నాను. నాకు తెలియదు.

ఇప్పుడు చెప్పులతో ఎవరొచ్చినా ముందు ఎందుకని అడుగుతాను. పద్దెనిమిదేళ్లలో ఒక్కరినైనా అడిగి ఉంటే, వాళ్లే చెప్పేవాళ్లు.