లచ్చి నాకిన డోలు

మొన్న రికార్డింగ్ థియేటర్ మెట్ల దగ్గర డప్పులవాళ్ళు కాగితాలు తగలబెట్టి డప్పులు వెచ్చబెడుతున్నారు. ఆ కమురు వాసన ముక్కుకు తగలగానే లోపల నా కోసం ఆగిన పాట సంగతే మరిచిపోయి, వచ్చి కారులో కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా వదలదు, పాడు వాసన.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. వానాకాలమంతా తడిసిన గడ్డి, పేడ, పిడకల పొగ, పొంగిన పాలు అన్నీ కలిసిన వాసన నా చొక్కాలకు పట్టేసి, బడిలో పక్కవాడు ముక్కు మూసుకునేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. బాపు మాట్లాడటం మానేశాడు, నేను బడికి పోవడం మానేశాను. ఖాళీ పాల క్యాన్లు బోర్లించి సొట్టలు పడేలా వాయించడం, ఆ సొట్టలకు తన్నులు తినడం, ఇదే నా చదువు.

ఆ చప్పుడుకు దగ్గరైనవాడు బార్కస్ అరబ్బుల పిల్లాడు సాలె. వాళ్ళ మామయ్యలంతా పెళ్ళిళ్ళలో మర్ఫా డోళ్ళు వాయించేవాళ్ళు. వాళ్ళమ్మ గోధుమలూ మాంసమూ కలిపి వండే హరీస్‌లో నా వాటా ఎప్పుడూ ఉండేది. సైదాబాద్ నుంచి ఆఫీసరుగారి అబ్బాయి కిరణ్ గిటారు తెచ్చాడు.

"బ్యాండ్ పెడ్తున్నం బాపూ" అంటే, "పెండ్లి బ్యాండా? ఎర్రకోటు ఎవడు కుట్టిస్తడు?" అన్నాడు. అమ్మ పోయాక ఆయన ఆడిన ఒకే ఒక్క పరాచికం అది.

బోనాల ఊరేగింపులో మొదటిసారి వాయించాలనుకున్నాం. సాలె మామయ్య పాత డోలు ఇచ్చాడు గానీ దానికి తోలు లేదు. ఆ ఆషాఢంలోనే మా లచ్చికి పుట్టిన దుడ్డె వారం తిరక్కుండా చచ్చిపోయింది. లచ్చి అమ్మ చేతి బర్రె. బిడ్డ కనబడకపోతే బర్రె పాలు చేపదు కదా, బాపు ఆ దుడ్డె తోలుకు ఉప్పు రాసి, లోపల గడ్డి కూరి కుట్టి, పూటపూటా దాని ముందు నిలబెట్టేవాడు. అది నాకుతూ చేపేది, ఆయన పితికేవాడు. నాకు మాత్రం అందులో తోలే కనిపించింది. బాపు పాలు పొయ్యడానికి పోయినప్పుడు గడ్డి పీకేసి, తోలు తీసుకెళ్ళి సాలెకు ఇచ్చాను.

"కహాఁ సే లాయా భాయ్?" అన్నాడు వాడు. కబేలా నుంచి అన్నాను.

ఆ సాయంత్రం నుంచి లచ్చి చుక్క రాల్చలేదు. పొదుగు గట్టిపడి ముట్టుకుంటే తన్నేది. తోలును కుక్కలు ఎత్తుకుపోయాయనుకున్నాడు బాపు. ఏడాదిగా మాట లేని మనిషి, అచ్చం అమ్మ పిలిచినట్టే, "లచ్చవ్వా, దా బిడ్డా, చేపు తల్లీ" అని దాని మెడ నిమురుతూ బతిమాలుతుంటే వినలేక బయటికి పోయేవాణ్ణి. చెబితే డోలు పోతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నాలుగో రోజు, "గిట్లనే ఉంటే కసాయికి ఇచ్చుడే" అన్నాడు. అప్పటికీ చెప్పలేదు, చూడండి నా బుద్ధి!

బోనాలనాడు సాలె కాగితాలు మండించి తోలు వెచ్చబెట్టాడు. వేపాకులు, సాక పోసే పసుపు నీళ్ళతో ఊరేగింపు మా గల్లీలోకి రాగానే డోలు అందుకున్నాను. రెండో దరువుకే కొట్టంలోంచి అరుపు. వెచ్చబడ్డ తోలు వాసన తగిలిందేమో, లచ్చి తాడు తెంపుకుని జనాన్ని తోసుకొచ్చి, నా మెడలోని డోలును, అంచున మిగిలిన నల్ల వెంట్రుకలను నాకడం మొదలుపెట్టింది. పాలు బురదలోకి ధారగా కారాయి. అమ్మవారి మహిమ అని జనం దండాలు పెట్టారు. బాపు డోలును చూశాడు, నన్ను చూశాడు.

"దొంగ బిడ్డను జూపి మనం దాన్ని మోసం జేస్తనే ఉంటిమి. గా మోసం గూడ దానికి లేకుండ జేస్తివి గదరా" అన్నాడు.

తంతాడనుకున్నాను. దగ్గరికొచ్చి నా చేతిలో పుల్లలు తీసుకున్నాడు.

"కొట్టకు. పట్టుకొని నిలబడు."

చలికాలంలో దాని పాలు ఎండిపోయేదాకా రెండు పూటలా ఆ డోలు పట్టుకుని లచ్చి ముందు నిలబడ్డాను. వేరే డోలుతో బ్యాండ్ నడిచింది, పేరూ వచ్చింది. బాపు ఒక్క కచేరీకీ రాలేదు, రమ్మనడానికి నాకు మొహమూ చెల్లలేదు.

ఇప్పుడు బాపు లేడు. కొట్టం ఉన్నచోట ఫంక్షన్ హాలుకు వచ్చేవాళ్ళు బండ్లు పెట్టుకుంటున్నారు. డోలు మాత్రం నా గదిలో ఉంది. వచ్చినవాళ్ళు తోలు నడుమ తడిమి చూసి, ఎంత సాధన చేసుంటారు సార్, ఇంతగా అరిగింది అంటారు. నేను దాని మీద కొట్టింది రెండే దరువులు.