మైనం మీద పంటిగాట్లు

మా అక్కను రేవులో అందరూ పిట్టలక్క అంటారు. సముద్రం మధ్య రాళ్ల దీవిలో గూడు కట్టే అరుదైన పక్షులను కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. ఆమెను పడవలో దింపి తీసుకురావడం నా ఖర్మ. ఆ పక్షులు నేలలో బొరియలు చేసుకుని ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడతాయి. ఒక్క ఎలుక దీవి ఎక్కిందంటే వాటి వంశం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే పడవ ఎక్కే ముందు అక్క రేవులోని ఒక గదిలో తలుపులు మూసి, అందరి సంచులూ బోర్లించి చూసేది. పై అధికారి చేత మేజోళ్లు కూడా విప్పించి దులిపింది. సొంత తమ్ముణ్ణి, నా టిఫిన్ డబ్బానైనా వదిలిందా!

ఎలుక జాడ తెలియడానికి దీవి నిండా వేరుశనగ ముద్ద కలిపిన మైనం దిమ్మలు పెట్టేది. ఆ ఉదయం ఒక దిమ్మ మీది గాట్లు చూసి ఉన్నచోటే చతికిలబడింది.

"ఇవి ఎలుక పంటిగాట్లేరా."

"ఏ పీతో కొరికుంటుందిలే."

"నోరు ముయ్. పీతకి పళ్లుంటాయా?"

గుడ్లలోంచి పిల్లలు బయటికొస్తున్న రోజులవి.

అక్క చూపు కొత్త చెక్కపెట్టెల మీద పడింది. బొరియలు కూలిపోయిన పక్షుల కోసం తనే చేయించి, ఎండుగడ్డి కూరి తెచ్చిన గూళ్లవి.

"వీటిని దులపలేదురా. పిట్టల ఇళ్లే కదా అనుకున్నా," అంటూ తల బాదుకుంది.

దీవంతా బోన్లు పెట్టాం. బొరియ మీద అడుగు పడితే లోపలి పిల్ల నలిగిపోతుంది. అందుకని చేత్తో నేల తడుముకుంటూ పాకేవాళ్లం. తెల్లారి చూస్తే బోన్లన్నీ ఖాళీ, ఒక బొరియలో మాత్రం రక్తం, ఈకలు. అక్క తిండి మానేసింది. ఆమె నా మీద అరిచేది, నేను ఆమె మీద అరిచేవాణ్ణి.

"ఇంక చాలు, ఇంటికి పోదాం పద."

"దాన్ని నా చేత్తో తెచ్చానురా. ఎలా వస్తాను?"

చివరికి పడింది, దొంగముండ! నేను ఈల వేశాను. అక్క మాత్రం బోను దెబ్బకి చచ్చిన ఎలుకను వెల్లకిలా తిప్పి, పొట్ట మీది బొచ్చు పక్కకు తీసింది. చన్నులు ఉబ్బి ఉన్నాయి.

"ఈనిందిరా ఇది."

ఆ పిల్లలు పెరిగితే దీవి పని అయిపోయినట్టే. అక్క దాని చన్ను నొక్కింది. తెల్లగా ఒక బొట్టు వచ్చింది.

"పాలున్నాయి! ఇంకా పాలు తాగే పసివేరా. తల్లి లేకపోతే బతకవు, బతకవు!" అని నా చెయ్యి పట్టుకుని నవ్వేసింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఇద్దరు బిడ్డల తల్లి మరి.

"గూడెక్కడుందో వెతుకు," అంది.

"ఎందుకు? వాటంతటవే పోతాయన్నావుగా?"

"పోతాయి. ఆకలికి అరిచి అరిచి పోతాయి. అలా వద్దురా. దొరికితే నేనే ఒక్క దెబ్బతో..."

పిట్టల్ని తిన్నదాని పిల్లల మీద జాలేమిటని నాకు ఒళ్లు మండింది. అయినా ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, రాళ్ల సందుల్లో చెవి పెట్టాను.