అల్లుడి లినక్స్, నా లినక్స్

కోట అనే ఊళ్లో రొయ్యల రైతులకు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. గుంట నీళ్లలో అమ్మోనియా ఎంతుందో సాయంత్రం తేల్చి డేటాబేస్‌లో ఎక్కిస్తాం. పొద్దున్నే రైతు ఫోన్ చేస్తే చెప్తాం. కంప్యూటర్ల పెత్తనం నాది.

పాత సర్వర్ మొరాయిస్తుంటే కొత్తవి రెండు కొన్నారు. ఒకటి పనిచేయడానికి, రెండోది అందులోదంతా ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటూ, అది పడిపోతే అందుకోవడానికి. వాటిలో ఏ లినక్స్ వేయాలన్న దగ్గర పేచీ వచ్చింది. కంప్యూటర్‌ను నడిపించే ఈ లినక్స్‌లో రకాలు బోలెడు. కొత్త హంగులకు ఎగబడకుండా ఏళ్ల తరబడి ఒకే తీరుగా నడిచేది నాకిష్టం. మా ఓనరుగారి అల్లుడు మాత్రం అన్నిటికంటే కొత్తదే వేయాలని చెన్నై నుంచి ఫోన్‌లోనే తేల్చేశాడు. అల్లుడి మాట కాదంటే ఇంట్లో గొడవ, నా మాట కాదంటే ల్యాబులో గొడవ. పాపం, ఓనరు మధ్యలో నలిగిపోయాడు.

ఆయనా రొయ్యలు పెంచేవాడే. చివరికి ఆయనలోని ఆ రైతు బయటికొచ్చాడు.

"అన్ని గుంటల్లో ఒకే హేచరీ రొయ్యపిల్ల వేస్తామా ఏంది? ఒకదాంట్లో అల్లుడు చెప్పింది వెయ్యి, ఇంకోదాంట్లో నువ్వు చెప్పింది వెయ్యి. ఏది బతికితే అది."

పెద్దమనిషి తీర్పు! నాదాన్ని రెండో సర్వర్‌కు నెట్టారని మూతి ముడుచుకున్నానే తప్ప, ఇంకో చిక్కు ఉంటుందని నాకూ తట్టలేదు.

ఒక పొద్దున అల్లుడుగారి సర్వర్ పడిపోయింది. నాది అందుకుంది. లోపల సంబరపడ్డాను, అబద్ధమెందుకు. అంతలో ఓనరే ఫోన్ చేశాడు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నా తన గుంటలో రొయ్యలు పైకి తేలుతున్నాయట. పేరు కొట్టాను. అలాంటి రైతే లేడంది కంప్యూటర్.

"నా ల్యాబులో నేనే లేనా? చచ్చినానా ఏంది?"

ఇంకోరోజైతే నవ్వేదాన్ని. ఈసారి ఆయన పంటంతా ఆ ఒక్క గుంటలోనే ఉంది.

వెతకడం మానేసి, ముందురోజు ఫలితాలన్నీ తెరమీదికి రప్పించి కళ్లతో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఉంది ఆయన పేరు. అమ్మోనియా బాగా పెరిగింది.

"నీళ్లు మార్చన్నా, ఇప్పుడే!"

తర్వాత తెలిసింది, ఆ రెండు లినక్స్‌లూ పేర్లను ఒకే వరుసలో పేర్చవని. ఒకరు సర్దిన బీరువాలో ఇంకొకరు తమ అలవాటు ప్రకారం వెతికినట్టయింది.

మధ్యాహ్నానికి ఓనరు మోకాళ్ల దాకా బురదతో వచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు.

"రొయ్యలు కిందికి దిగినాయమ్మా. ఇంక రెండింట్లోనూ నీదే వెయ్యి."

అన్నాళ్లు పోట్లాడింది ఆ మాట కోసమే. తీరా వచ్చాక సంతోషం కలగలేదు.

"అల్లుడుగారిదైనా పర్లేదన్నా," అన్నాను. "రెండింట్లో ఒకటే ఉంటే చాలు."