పొంగు మీద చల్లిన నూనె

కరోనా తర్వాతి ఏడు, చెరకు నరకడం మొదలైన వారానికి, విశాఖపట్నం నుంచి ఒక ఎగుమతి కంపెనీ మనిషి మా బెల్లం పెనం దగ్గరకు వచ్చాడు. దిమ్మలు వద్దు, పొడి కావాలన్నాడు. రంగు తేలడానికి మందు వేయకూడదు, తేమ మూడు శాతం దాటకూడదు. మా ఆయన పోయాక పెనం నడిపేది నేను, పాకం చూసేది మా మరిది. దిమ్మలకు అప్పటికే గిరాకీ పడిపోయింది. ఈ పొడి నిలబడకపోతే మా పొయ్యి ఆరిపోయేదే. మొదట్లో పొడి ఉండలు కట్టింది. వెనక్కి పంపారు. మళ్లీ వండాం. వేసవికి, తేమ కొలిచే వాళ్ల మిషన్‌కు వంక దొరకని పొడి తీశాం.

ఒకసారి ఆ మనిషిని అడిగాను.

"ఇదెక్కడికెల్తంది బాబూ? దీంతోటి ఏటి సేసుకుంతారు?"

"అదంతా మీకెందుకమ్మా? తేమ చూసుకోండి, చాలు."

మరిది నవ్వాడు. "దొరలు టీలో ఏసుకుంతారేమోలే వదినా. నువ్వెల్లి కలిపొస్తావేటి?"

మా వైపు పాకం పొంగితే చెంచాడు నూనె చల్లుతారు. పొంగు వెంటనే అణుగుతుంది. మా అత్తగారు ఆముదం చల్లేవారు. పొడికి వాసన పడుతుందని మరిది వేరుశనగ నూనెకు మారాడు. గానుగలో ఆడించిన మంచి నూనె.

ఓడెక్కి వెళ్లిన సరుకును అవతలి దేశపు రేవులోనే ఆపేశారు. అది పిల్లల బిస్కెట్లలో కలిపే పొడి అట. అక్కడ కొందరు పిల్లలకు వేరుశనగ తగిలితే ఊపిరాడదట. కంపెనీ మనిషి పెనం పక్కన నిలబడి మరిదిని తిట్టాడు.

"వేరుశనగ నూనె పోస్తావా? బుద్ధుందా?"

"మందెయ్యొద్దన్నావు, ఎయ్యలేదు. నూని మాటెప్పుడు సెప్పేవు బాబూ?"

"కొనేవాళ్లు మాకు ముందే చెప్పారు. మీకు చెప్పాల్సినంత విషయం అనుకోలేదు" అన్నాడతను.

కొబ్బరి నూనెతో ఇంకొక్క పెనం వండి చూపిస్తామన్నాను. పేరు చెడిపోయింది, కుదరదన్నాడు. కొనేవాళ్లకు మా ఊరి పేరే తెలియదు. చెడింది ఎవరి పేరో నాకు అర్థం కాలేదు.

మరుసటి ఏడు ఆ కంపెనీ రావికమతం దారిలో సొంత షెడ్డు వేసి స్టీలు పెనాలు పెట్టింది. పాకం చూడడానికి మా మరిదినే తీసుకుంది.

"జీతమిస్తారంట వదినా" అన్నాడు తల వంచుకుని.

వద్దనలేదు. అతనికీ సంసారం ఉంది. మేమిద్దరం ఆ సీజనంతా పొడి పాడుచేసుకుంటూ నేర్చిన పని అతని చేతులతో పాటు అక్కడికి వెళ్లిపోయింది. నా దగ్గర వాళ్లకు కావలసింది చెరకు మాత్రమే. తోలుతున్నాను. పెనాన్ని పాత ఇనుము కొనేవాడు ఆటోలో వేసుకుపోయాడు.