బోర్లించిన గిన్నెలు

వాషింగ్టన్ మ్యూజియంలో ఒక పాత డచ్ చిత్రం ముందు మా గుంపు ఆగింది. వంటింట్లో పనిమనిషి కునుకు తీస్తోంది, వెనక పిల్లి చేపను ఎత్తుకుపోతోంది. "బద్ధకస్తులకు ఇదొక పాఠం," అని వివరించింది గైడు, తెల్లజుట్టు పెద్దావిడ.

నలుగురి ఇళ్లలో గిన్నెలు తోమి మమ్మల్ని పెంచిన అమ్మ గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది.

"చెప్పు పిన్నీ, నేను ట్రాన్స్‌లేట్ చేస్తా," అంది నా మొహం చూసి, అప్పటిదాకా గైడు మాటలు నాకు తెలుగులో చెబుతున్న మా అక్క కూతురు. ఇక్కడికి దగ్గర్లోని హెర్న్‌డన్‌లోనే పుట్టిన పిల్ల.

"నేల మీద గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, చూడమను. తోమినవే బోర్లిస్తాం. పనంతా అయ్యాకే ఆమెకు కునుకు పట్టింది."

గైడు వంగి చూసింది. "ఇన్నేళ్లూ పిల్లినే చూశాను!" అని పకపకా నవ్వింది.

మేం వెళ్తుంటే, తర్వాతి గుంపుకు ఆమె గిన్నెల్నే ముందు చూపిస్తోంది. ఆ ఇంగ్లీషు నాకెవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.