తిమ్మాజిపేట కారు ముందు షాఫ్టులు

1943లో, యుద్ధం నడుస్తుండగా, నన్ను నాగర్‌కర్నూల్ సర్కారీ మోటారు వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. ఫోర్‌మన్ అంటే ఫిట్టర్లకు పైన, ఇంజనీరుకు కింద. బండి నడిస్తే పేరు ఇంజనీరుకు, ఆగితే తిట్లు ఫోర్‌మన్‌కు. ప్రైవేటు బండ్లు మా షెడ్డులోకి రాకూడదు. సెలవు నాడు బండివాళ్ల ఇంటికే వెళ్లి చూడవచ్చు.

తిమ్మాజిపేట పటేలు కారు అలాగే చూశాను. వనపర్తిలో ఎవరో వదిలించుకున్న పాత సీమ బండి. మామూలు కార్లను వెనక చక్రాలు తోస్తాయి, దీన్ని ముందు చక్రాలు లాగుతాయి. అలాంటిది ఉందని వినడమే గాని చూసింది లేదు. ఏ వస్తువైనా విప్పి చూడందే నిద్రపట్టని మనిషిని, పిలవకపోయినా పోయేవాణ్ణేమో. ఊరివాళ్లకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. ఎడ్లు ముందుండే కదా లాగేది అన్నారు.

గేరు పెట్టె నుంచి ఒక్కో ముందు చక్రానికి ఒక ఇనుప కడ్డీ పోతుంది. దాన్ని షాఫ్టు అంటాం. చక్రం పక్కకు తిరిగినా లాగుడు తెగకుండా దాని కొసన ఒక కీలు ఉంటుంది. ఈ బండికి రెండు కీళ్లూ అరిగి, మలుపు తిరిగితే కటకటమంటున్నాయి. కొత్తవి సీమ నుంచి రావాలి, యుద్ధంలో ఓడలు రావడం లేదు. పటేలు కోడలికేమో నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకు ఎడ్లబండిలో నాగర్‌కర్నూల్ దవాఖానకు తెస్తుంటే దారిలోనే బిడ్డ పోయింది. కారు కొన్నది అందుకే.

ఆయన కొట్టంలోనే కారును జాకీతో లేపి కింద మొద్దులు పెట్టాం. తుప్పు పట్టిన నట్లకు కిరోసిన్ పోసి నానబెట్టి, పానాకు గొట్టం తొడిగి ఇద్దరు వేలాడితే కదిలాయి. షాఫ్టులు లాగి కడిగి చూస్తే, కీలుకు ఒక ముఖం మీదే గాడి పడింది. ఎదుటి ముఖం కొత్తదానిలా ఉంది. బండి ఎప్పుడూ ముందుకే పోతుంది కనుక బలమంతా ఒక వైపే పడింది. రెండు షాఫ్టులూ ఒకే పొడవు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేస్తే తిరిగే దిక్కు మారి అరగని ముఖం పనిలోకి వస్తుంది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

పటేలు ససేమిరా అన్నాడు. కాడికి ఎడమన కట్టేది దాపటెద్దు, కుడిన కట్టేది ఎలపటెద్దు.

"దాపటెద్దును ఎలపట గడ్తే నడుస్తదా సాబ్? పక్కెద్దును గూడ ఆగం జేస్తది. నా కోడలిని గిట్ల మార్చిన బండ్ల ఎక్కియ్య."

ఎద్దుకు అలవాటు ఉంటుంది, ఇనుముకు అరుగుదలే ఉంటుంది అన్నాను. మాట నమ్మలేదు. రెండు ముఖాల మీదా ఆయన బొటనవేలి గోరుతో గీయించాను. ఒకచోట గోరు తట్టుకుంది, రెండోచోట జారింది. "మరి ఎనుకకు తోల్తే?" అన్నాడు.

అప్పుడు బలం మళ్లీ అరిగిన ముఖం మీదే పడుతుందని, విరిగినా విరగవచ్చని ఉన్నమాట చెప్పాను. దాచకుండా చెప్పినందుకేనేమో, సరేనన్నాడు. ఊరి చెప్పులు కుట్టే ఆయన కీళ్లకు కొత్త తోలు సంచులు కుట్టిచ్చాడు. షాఫ్టులు అటుదిటు మార్చి, గ్రీజు కూరి బిగించాం. ముందుకు తోలితే చప్పుడు లేదు.

తరువాతి సెలవుకు కీళ్లు చూద్దామని వెళితే, కొట్టానికి వెనక గోడ లేదు. కారు ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోయేలా పటేలు తీయించాడు.

"కోడలు బండ్ల కూసున్నంక ఎనుకకు తిప్పే పని పడొద్దు గద సాబ్."

ఆమెను వేళకు దవాఖానకు చేర్చారు. అక్కడ మళ్లించడానికి చోటు చాలకపోతే, పటేలు గేరు తప్పించి మనుషులతో వెనక్కి తోయించాడట. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు.

అంతవరకు బండి అప్పగించేటప్పుడు ఏం బాగు చేశామో చెప్పేవాళ్లం. ఆ తరువాత నా కింద పనిచేసిన ప్రతి ఫిట్టరూ ఏది బాగుకాలేదో ముందు చెప్పవలసిందే. అది తెలిస్తేనే మనిషి తన గోడ ఎక్కడ పగలగొట్టుకోవాలో చూసుకుంటాడు.